పాత బొలెరో పికప్‌కి ఇంజన్ మార్చడమా, ఉన్నదే చేయించడమా?

మీరడిగింది మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా ముందు క్లుప్తంగా రాస్తాను. బండి 2012 మోడల్ బొలెరో పికప్, 2.5 లీటర్ డీఐ టర్బో డీజిల్ ఇంజన్, డీజిల్ కొట్టేది కంప్యూటర్ లేని మెకానికల్ పంపు. మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మార్కెట్ యార్డుకి టమాటా తోలడం, వారానికి ఒకటి రెండుసార్లు చెన్నై ట్రిప్పు. మీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎవరికీ తెలీదు. పొద్దున పూట స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది, నీలం పొగ వస్తోంది, ఆరేడొందల కిలోమీటర్లకి ఒక లీటరు ఇంజనాయిల్ పోయాల్సి వస్తోంది. చెన్నై నుంచి రిటర్న్ లోడుతో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు హీట్ ముల్లు పైకి పోతోంది. మీ మెకానిక్ ఫుల్ ఇంజన్ పనికి 95 వేలు చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో అదే రకం సెకండ్ హ్యాండ్ ఇంజన్ 75 వేలకి ఇస్తామన్నారు, దించి ఎక్కించడానికి ఇంకో 15 వేలు. స్నేహితుడొకరు ఏకంగా స్కార్పియో ఇంజన్ వేయించెయ్యమంటున్నారు. బండిని ఉన్నదున్నట్టు అమ్మేస్తే 1.8 లక్షలకి బేరం ఉంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ రేట్లను ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూడకండి. మీ ఇంజన్‌లో పోయిందేమిటో ఇంతవరకు ఎవరూ కొలిచి చూడలేదు. కొలిచాక బ్లాకూ (సిలిండర్లుండే ఇంజన్ మొండెం), క్రాంకూ (పిస్టన్లు తిప్పే కింది షాఫ్టు) బాగున్నాయని తేలితే మీ ఇంజన్నే చేయించుకోండి. ఆ రెండిట్లో ఏదైనా పనికిరాకుండా పోయుంటేనే సెకండ్ హ్యాండ్ ఇంజన్ సంగతి ఆలోచించండి. స్కార్పియో ఇంజన్ ఆలోచన మాత్రం ఈరోజే వదిలేయండి.

పాతికేళ్ళ పైబడి డీజిల్ ఇంజన్ల పనిలోనే ఉన్నాను, మా షెడ్డుకి వచ్చేవాటిలో ఎక్కువభాగం ఇలాంటి పికప్పులే. "ఇంజన్ బోరుకొచ్చిందంటన్నా" అని, అంటే సిలిండర్లు అరిగిపోయాయని, ఎవరైనా బండి తెస్తే నేనడిగేది ఒకటే: ఎవరు చెప్పారు, దేంతో కొలిచి చెప్పారు? పొగ చూసి చెప్తే అది అనుమానం మాత్రమే. అనుమానం మీద లక్ష రూపాయలు పెట్టకూడదు.

నీలం పొగ అంటే ఇంజనాయిల్ కాలుతోందని అర్థం, అంతవరకు నిజమే. కానీ ఆ ఆయిల్ సిలిండర్లోకి మూడు దారుల్లో రావచ్చు: పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే వాటి పక్కనుంచి, వాల్వ్ గైడ్లూ సీళ్ళ గుండా, లేదంటే ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి. మొదటిదైతే ఇంజన్ దించాలి. రెండోదైతే హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పితే సరిపోతుంది. మూడోదైతే ఇంజన్ జోలికే పోనక్కర్లేదు. బయటికి కనిపించే పొగ మాత్రం మూడిట్లోనూ ఒకటే.

కాబట్టి టర్బోతో మొదలుపెట్టండి. టర్బో నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పోయే పైపు విప్పించి లోపల వేలు పెట్టి చూడండి. పలచగా జిడ్డు తగలడం మామూలే. ఆయిల్ కారి మడుగు కట్టి ఉంటే టర్బో సీలు అనుమానించాలి. ఫిల్టర్ వైపు మూతి దగ్గర షాఫ్టుని రెండు వేళ్ళతో పట్టుకుని కదపండి. కొద్దిగా ఆట ఉండొచ్చు, రెక్కలు కేసింగ్‌కి రాసుకునేంత ఉండకూడదు. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్ దాటాక వచ్చే రబ్బరు పైపులోకి కూడా తెల్లగుడ్డ చుట్టిన వేలు పెట్టి తిప్పండి. గుడ్డకి ఎర్రమట్టి అంటిందంటే మీ ఇంజన్ ఇన్నాళ్ళూ దుమ్ము తిన్నదన్నమాట. పైపుకి పగులో, క్లిప్పు లూజో ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత, ఇంజన్ వేడెక్కి స్లోలో తిరుగుతుండగా ఆయిల్ పోసే మూతని తిప్పి, తియ్యకుండా రంధ్రం మీద ఊరికే ఆనించి పెట్టండి. కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరెగిరి పడుతూ పక్కనుంచి పొగ గుప్పుగుప్పున కొడుతుంటే కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కిన గాలి) కిందికి దిగిపోతోందని అర్థం. అయితే అంతకుముందే ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు పూడుకుపోలేదని చూసుకోవాలి, అది మూసుకుపోయినా మూత ఇలాగే ఎగురుతుంది.

పొద్దున స్టార్ట్ కాకపోవడాన్ని కూడా అందరూ బోరు ఖాతాలోనే రాసేస్తారు. రేపు పొద్దున సెల్ఫ్ కొట్టేముందు డీజిల్ ఫిల్టర్ దగ్గరి చేతి పంపుని గట్టిపడేదాకా కొట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి. టక్కున అందుకుంటే రాత్రిపూట డీజిల్ లైన్లో ఎక్కడో గాలి పట్టి డీజిల్ ట్యాంకుకి జారిపోతోందన్నమాట. అది పైపుతోనో వాషర్‌తోనో పోయే పని. అలాగే బ్యాటరీ నీరసంగా ఉండి సెల్ఫ్ మెల్లగా తిప్పితే ఎంత మంచి డీజిల్ ఇంజనైనా అందుకోదు. ఇవి కాదని తేలాక అప్పుడు కంప్రెషన్ గురించి మాట్లాడదాం.

కంప్రెషన్‌ని డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించి కొలుస్తారు. ఎంత ఉండాలన్నది సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. నేను ఆ అంకెకన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడానే ఎక్కువ చూస్తాను. నాలుగూ ఒకేలా తక్కువగా ఉంటే నిదానంగా అరిగిన ఇంజన్. మూడు బాగుండి ఒకటే పడిపోయిందంటే ఆ ఒక్క దాంట్లో ఏదో జరిగింది: వాల్వ్ కాలిందో, రింగు విరిగిందో, నాజిల్ కారి పిస్టన్ దెబ్బతిందో. గేజి లేని షెడ్డులో కూడా కంప్రెసర్ ఉంటుంది కదా. ఒక్కో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకి తెచ్చి, ఇంజన్ తిరగకుండా ఆపి, నాజిల్ రంధ్రంలోంచి గాలి పెట్టి చెవి పెట్టి వినండి. ఆయిల్ మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్. సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. రేడియేటర్లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టు, లేదా హెడ్డు పగిలినట్టు. ఒక పూటలో అయిపోయే పని ఇది. దీని తర్వాతే ఇంజన్ దించాలా, హెడ్డుతో సరిపోతుందా అన్నది తేలుతుంది.

మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే, ముఖ్యంగా ఆ ఆయిల్ ఖర్చు చూస్తే, టర్బో ఒక్కటే కారణం అయ్యుండదని నా ఊహ. బహుశా విప్పాల్సే వస్తుంది. అలాగని మెకానిక్‌కి ఒకేసారి "ఫుల్ ఇంజన్ చేసెయ్" అని వదిలెయ్యకండి. హెడ్డూ, కింద ఆయిల్ ఉండే సంపూ విప్పడానికి మాత్రం ఒప్పుకోండి, విప్పిన రోజు మీరు దగ్గరుండండి.

హెడ్డు తీశాక సిలిండర్ పైఅంచు కింద రింగులు ఎక్కడిదాకా వచ్చి ఆగుతాయో అక్కడ గోరుతో కిందినుంచి పైకి గీయండి. గోరు జారిపోతే అరుగుదల తక్కువ. గట్టులాంటిది తగిలి గోరు ఆగిపోతే లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అరిగింది. ఆ గట్టు పైన ఉన్నది అసలు సైజు, కింద ఉన్నది అరిగిన సైజు. ఎంత అరిగిందో బోర్ గేజితో కొలిపించండి. మీ ఇంజన్‌కి స్టాండర్డ్ బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6 మి.మీ., నాలుగు సిలిండర్లకీ లెక్కేస్తే 2523 సీసీ వస్తుంది. కాగితం మీద నాలుగు సిలిండర్లకీ పైనా మధ్యా కిందా అంకెలు రాసి ఇవ్వమనండి. రాసివ్వలేనివాడు కొలవలేదన్నమాటే.

కింద సంపు విప్పాక ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ తీయించి బేరింగు షెల్ చూడండి. బూడిదరంగులో నున్నగా ఉంటే బాగున్నట్టు. పైపొర పోయి రాగి రంగు బయటపడితే బేరింగు అయిపోయింది. షెల్ వెనకవైపు చెక్కిన సైజు కూడా చదవండి. స్టాండర్డ్ అని ఉందంటే ఆ క్రాంకుకి ఇంతవరకు గ్రైండింగ్ పడలేదు, దానికి ఇంకా చాలా బతుకుంది. పది, ఇరవై సైజుల్లో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన అరగదీసిన సైజులు) ఉన్నా చేయించొచ్చు. ఇప్పటికే ముప్పైలోనో నలభైలోనో ఉంటే ఎవరో మీకన్నా ముందే దాని ఆయుష్షు వాడేసుకున్నారని అర్థం. క్రాంకు గోటితో తడిమి చూసి బాగుందనకూడదు, మైక్రోమీటర్ పెట్టి అండాకారం ఎంత పడిందో చూడాల్సిందే.

ఇక్కడ దారి చీలుతుంది. క్రాంకు గ్రైండింగ్‌లో తేలుతుందనుకోండి, బ్లాకులో పగుళ్ళు లేవనుకోండి. అప్పుడు లైనర్, పిస్టన్, రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్డు పని. ఇవి పడ్డాక అది దాదాపు కొత్త ఇంజనే, పైగా లోపల ఏముందో మీకు తెలిసిన ఇంజన్. క్రాంకు ఒక్కటే పోయిందా? ఆటోనగర్ నుంచి క్రాంకు ఒక్కటే తెచ్చుకోండి, కొలిచి, పగుళ్ళు లేవని టెస్ట్ చేయించి. హెడ్డు పగిలితే హెడ్డు ఒక్కటే. అక్కడి కొట్లని ఇంజన్ కోసం కాకుండా పార్టుల కోసం వాడుకునేవాడికే ఎక్కువ లాభం. రాడ్ విరిగి బ్లాకుని పగలగొట్టుకుని బయటికొచ్చినా, సిలిండర్ల మధ్య బ్లాకు పగిలినా, మెయిన్ బేరింగు పట్టేసి బ్లాకులో దాని గూడు పాడైనా అప్పుడు ఇంజన్ మార్చడమే దారి. మీ బండి ఇంకా నడుస్తోంది కాబట్టి ఇంతదాకా వచ్చి ఉండదనుకుంటున్నాను.

మీ మెకానిక్ చెప్పిన 95 వేలల్లో ఏమేం ఉన్నాయో కూడా అడగాలి. చాలామంది చెప్పే రేట్లో పంపు కాలిబ్రేషన్, నాజిళ్ళ పని ఉండవు. నా దృష్టిలో అవి లేని ఓవర్‌హాల్ సగం పనే. కారే నాజిల్ వల్ల డీజిల్ లైనర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. ఆయిల్ లేని గోడకి కొత్త రింగు రాసుకుంటే ఏడాది తిరక్కుండానే మళ్ళీ పొగ. అలాగే హెడ్డుకి ప్రెషర్ టెస్ట్, ఫేసింగ్, వాల్వ్ సీట్ కటింగ్, రేడియేటర్ విప్పి శుభ్రం చేయడం, వాటర్ పంపు, హోస్ పైపులు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఉన్నాయా లేవా అడగండి. ఇంజన్ ఎలాగూ గేర్‌బాక్స్ నుంచి విడిపోతుంది. ఆ రోజు క్లచ్ వెయ్యకుండా ఆర్నెల్ల తర్వాత మళ్ళీ గేర్‌బాక్స్ దించితే లేబర్ దండగ.

ఇప్పుడు ఆ 75 వేల ఇంజన్ సంగతి. అది పైకి చవగ్గా కనిపించడానికి కారణం దాని లోపల ఏముందో ఎవరికీ తెలియకపోవడమే. పైన చెప్పిన క్లచ్, వాటర్ పంపు, హోసులు, గాస్కెట్లు, సీళ్ళు, ఆయిలు, ఫిల్టర్లు అన్నీ దానికీ వెయ్యాల్సిందే. 75, 15 కలిపి 90. ఆపైన ఇవన్నీ కలిపితే మీ ఓవర్‌హాల్ రేటు దాటిపోతుంది. అంతా అయ్యాక మీ చేతికొచ్చేది మీలాంటివాళ్ళే ఎవరో ఇన్నేళ్ళూ లోడు తోలిన ఇంజన్. దాన్ని కూడా విప్పి రింగులూ బేరింగులూ వేయిస్తే రెండుసార్లు ఖర్చు పెట్టినట్టు.

ఇంజన్ మార్చడంలో ఒక్క లాభం మాత్రం నిజంగా ఉంది, టైము. మార్చడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఓవర్‌హాల్ అంటే లేత్ షాపులో వరుస, పంపు షాపులో వరుస, పార్టు దొరక్క ఒక రోజు, ఇలా పది రోజులు దాటిపోవచ్చు. టమాటా సీజన్లో పది రోజులంటే చిన్న విషయం కాదు. 2023 జూలైలో మదనపల్లెలో కిలో రెండొందల దగ్గరికి పోయినప్పుడు బండి షెడ్డులో ఉన్నవాళ్ళ బాధ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే వీలైతే సరుకు తక్కువుండే నెలలు చూసి బండిని విప్పండి. అప్పటిదాకా లోడు తగ్గించి, ఆయిల్ లెవెల్ రోజూ చూసుకుంటూ, చెన్నై ట్రిప్పులు మానుకుని నడపండి.

ఒకవేళ ఇంజన్ కొనాల్సే వస్తే ఇలా చూడండి. కొట్టుకి పోగానే స్టార్ట్ చేయమనకముందే హెడ్డు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారన్నమాట, చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, మొదటి నిమిషంలో ఎలాంటి పొగ వస్తుందో చూడాలి. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి, మజ్జిగలాంటి తెల్లటి పూత ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయి. సంపు విప్పి ఒక బేరింగు చూపించనిదే అడ్వాన్స్ ఇవ్వకండి. చూపించనంటే ఇంకో కొట్టుకి పోండి, ఆటోనగర్‌లో కొట్లకి కరువు లేదు. ఇంజన్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టిన గుర్తులుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్‌సీ నకలు, ఆ బండి స్క్రాప్‌కి పోయిందనో ఇన్సూరెన్స్ వేలంలో పోయిందనో చూపించే కాగితం, ఇంజన్ నంబరు రాసిన బిల్లు, ఇవి తీసుకోండి. రేపు అది దొంగబండి ఇంజనని తేలితే స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే.

టాటా బళ్ళున్నవాళ్ళకి ఒక మాట: టాటా మోటార్స్ ప్రోలైఫ్ పేరుతో కంపెనీయే రీకండిషన్ చేసిన ఇంజన్లు అమ్ముతుంది. 207 లాంటి బండికి ఇంజన్ మార్చాలనుకునేవాళ్ళు స్క్రాప్ కొట్టుకన్నా ముందు అక్కడ రేటు కనుక్కోవడం మంచిది.

స్కార్పియో ఇంజన్ ఎందుకొద్దన్నానో చెప్తాను. మీ ఇంజన్ 63 హార్స్‌పవర్, టార్కు 180 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. స్కార్పియో ఎంహాక్ 2179 సీసీ ఇంజన్ 120 హార్స్‌పవర్, 290 న్యూటన్ మీటర్లు. వినడానికి భలే ఉంటుంది. కానీ మీ క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక క్రౌన్ పినియన్ అన్నీ ఆ 180ని చూసి పెట్టినవి. లోడుతో ఘాట్ మీద ఆ బలమంతా వాటిమీద పడితే ఒక్కోటీ వరసగా ఖర్చు పెట్టిస్తాయి. పైగా అది కామన్ రైల్ ఇంజన్, అంటే డీజిల్ ఎంత కొట్టాలో కంప్యూటర్ చూసుకునే రకం. దానికి ఈసీయూ (ఆ కంప్యూటర్), సెన్సర్లు, వైరింగ్, తాళం గుర్తుపట్టే సిస్టమ్ అన్నీ వెంట రావాలి. మీ ఇంజన్ రోడ్డు మీద ఆగితే పీలేరులో ఎవరైనా చూస్తారు. అది ఆగితే లాప్‌టాప్ ఉన్నవాడి కోసం వెతుక్కోవాలి. లోడు బండికి కావాల్సింది స్పీడు కాదు, రోజూ పొద్దున స్టార్టయి సాయంత్రం ఇంటికి రావడం.

అన్నిటికన్నా పెద్ద అడ్డం కాగితాలది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పులకి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, ఆర్నెల్లదాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. వేరే రకం ఇంజన్ వేసిన రవాణా బండికి ఫిట్‌నెస్ దొరకడం కష్టం. ఫిట్‌నెస్‌కి మొదట చూసేవాటిలో ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి.

అదే కంపెనీ, అదే రకం ఇంజన్ మార్చుకోవడానికి దారి ఉంది. ముందుగా ఆర్‌టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని, మార్చిన 14 రోజుల్లోపు ఆర్‌సీ ఇచ్చి కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ దగ్గర్నుంచి కూడా రాతపూర్వకంగా ఒప్పుకోలు తెచ్చుకోండి. ఎక్కించుకున్నాక ఇన్సూరెన్స్ పాలసీలో నంబరు మార్పించడం మర్చిపోకండి. యాక్సిడెంట్ అయినప్పుడు బండి మీది నంబరూ పాలసీలోని నంబరూ కలవకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. "ఎవరు చూస్తార్లే" అని పాత నంబరునే కొత్త బ్లాకు మీద గుద్దిస్తామనేవాళ్ళు ఉంటారు. అది నేరం, ఆ పని చేసేవాడితో వేరే పని కూడా చేయించకండి. మీ ఇంజన్నే చేయిస్తే ఈ తలనొప్పులేవీ లేవు, నంబరు బ్లాకు మీద ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇందాక దుమ్ము సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇంజన్ చేయించినా, మార్చినా, పాతది ఎందుకు అరిగిందో తెలుసుకోకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. మీ విషయంలో నాకు మూడు అనుమానాలున్నాయి. ఒకటి, తోటల్లోంచి మట్టిదారిన రావడం, ఫిల్టర్ పైపు పగులు. రెండు, లోడు. వంద క్రేట్లు ఎక్కిస్తే, క్రేటుకి 25 కిలోలే లెక్కేసినా రెండున్నర టన్నులు, ఈ బండికి కంపెనీ చెప్పిన లోడుకి అది చాలా పైన. మూడోది హీటు. ఘాట్‌లో ముల్లు లేస్తోందన్నారు. రేడియేటర్ బయటివైపు గడ్డీ పురుగులూ పట్టి మూసుకుపోయిందేమో, ఫ్యాన్ బెల్టు జారుతోందేమో, రేడియేటర్ మూత ప్రెషర్ నిలపడం లేదేమో చూడండి. థర్మోస్టాట్ వాల్వ్ అసలు ఉందో లేదో కూడా చూడండి. హీట్ అనగానే దాన్ని పీకి పారేయడం మనవాళ్ళకి అలవాటు. అది లేకపోతే ఇంజన్ మామూలు రోడ్డు మీద సరైన వేడికి రాదు, డీజిల్ సరిగ్గా కాలదు, బోరు తొందరగా అరుగుతుంది. హీటుకి అసలు కారణం అలాగే ఉండిపోతుంది. కొత్తది తెచ్చి పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు.

ఇంజన్ మీద డబ్బు పెట్టేముందు మిగతా బండిని కూడా ఒకసారి కిందికి దూరి చూడాలి. టమాటా రసం, నీళ్ళు కారికారి ఫ్లోర్ కింద చాసిస్ తుప్పు పట్టే బళ్ళు చాలా చూశాను. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా, ముఖ్యంగా వెనక పట్టీల బ్రాకెట్ల దగ్గర కొట్టుకుంటూ పోండి. ఖంగుమంటే మంచిది. మెత్తగా డొల్ల శబ్దం వచ్చి పెచ్చులు రాలితే ఆ బండికి ఇంజన్ పెట్టడం వృథా. అప్పుడు 1.8 లక్షలకి ఇచ్చేయడమే తెలివైన పని. చాసిస్ గట్టిగా ఉండి, గేర్‌బాక్సులో గేర్లు ఎగరకుండా, వెనక హౌసింగ్ గోల చెయ్యకుండా ఉంటే మాత్రం లక్ష పెట్టినా ఫర్వాలేదు. ఆ లక్షకి మంచి స్థితిలో ఉన్న వేరే పికప్ రాదు. వచ్చినా దాని ఇంజన్ గురించి మళ్ళీ ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది.

2012 బండికి 2027లో 15 ఏళ్ళు నిండుతాయి. ఎనిమిదేళ్ళు దాటింది కాబట్టి ఇప్పటికే ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 దాటాక ఆ ఫీజు బాగా పెరుగుతుంది, గ్రీన్ ట్యాక్స్ వేరే. పదేళ్ళకే డీజిల్ బండిని ఆపేసే నిబంధన మనకి లేదు, కానీ ఖర్చు ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. ఇంకో నాలుగైదేళ్ళు ఈ బండే తోలాలనుకుంటేనే ఫుల్ ఇంజన్ పని చేయించండి. ఏడాదిలో మార్చేసే ఉద్దేశం ఉంటే, కొలతల్లో లైనర్లు మరీ పోలేదని తేలితే, రింగులూ బేరింగులూ నాజిళ్ళూ మాత్రం వేయించి సరిపెట్టుకోవచ్చు. అది ఎక్కువకాలం రాదు. కొనేవాడికి ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

చేయిస్తే చివర్లో రెండు జాగ్రత్తలు. మొదటిసారి స్టార్ట్ చేసేముందు డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో ఆగి ఆగి తిప్పించండి, పొడి బేరింగుల మీద ఇంజన్ లేవకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతోనే తోలండి, అలాగని గంటలకొద్దీ స్లోలో వదిలెయ్యకండి, రింగులు కూర్చోవు. ఆ వెయ్యి కాగానే ఆయిలూ ఫిల్టరూ మార్చి, టాపెట్లు (వాల్వుల గ్యాపు) సెట్ చేయించండి. విప్పిన పాత పార్టులన్నీ సంచిలో వేసి ఇమ్మని ముందే చెప్పండి, లేత్ షాపు బిల్లు కూడా మీ పేరుతోనే తీసుకోండి.

ముందు ఆ ఎయిర్ పైపు, ఆయిల్ మూత, డీజిల్ చేతి పంపు, ఈ మూడూ చూసి ఏం కనిపించిందో రాయండి. విప్పేదాకా వెళ్తే బోరు కొలతలూ క్రాంకు సైజూ ఫొటో తీసి పెట్టండి. ఆ అంకెలు చూసి ఏం చేయించాలో చెప్తాను.